పెంటటానిక్ అంటే మన మోహన రాగమేనా? అవే అయిదు నోట్స్‌కి ఇన్ని పేర్లెందుకు?

తీగలశబ్దం:

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు సరళీలు, జంటలు, అలంకారాలు, గీతాల దాకా నేర్చుకున్నాను, వర్ణం మొదలయ్యేలోపు చదువులు అడ్డొచ్చి ఆగిపోయింది. ఇప్పుడు గిటార్ పట్టుకున్నాను. క్లాసులో సార్ మొదట ఏ మైనర్ పెంటటానిక్ అని అయిదో ఫ్రెట్ దగ్గర బాక్స్ చెప్పారు, అంటే లావు తీగ మీద 5, 8, ఆ తర్వాత మూడు తీగలకీ 5, 7, చివరి రెండు తీగలకీ మళ్ళీ 5, 8. అది చేతికి బానే పట్టింది. తర్వాత వారం సి మేజర్ పెంటటానిక్ అన్నారు, చూస్తే అవే నోట్స్! ఏ, సి, డి, ఈ, జి. ఒక్కటి కూడా మారలేదు. మరి రెండు పేర్లు ఎందుకండీ అంటే "ఫీల్ వేరు" అన్నారు తప్ప అంతకు మించి చెప్పలేదు.

ఇంటికొచ్చి ఊరికే వాయిస్తుంటే ఇంకో సంగతి తట్టింది. సి ని స అనుకుంటే ఈ తీగల మీద వరవీణా గీతం వచ్చేస్తోంది. ఏ స్ట్రింగ్ 7 మీద గ, డి స్ట్రింగ్ 5 మీద ప, 7 మీద ద, జి స్ట్రింగ్ 5 మీద పై స, గ గ ప ప, ద ప స స అని నీట్‌గా వస్తోంది. అదే ఏ ని స అనుకుని మొదలెడితే మోహన పోయి ఇంకేదో వస్తోంది, అదేంటో నాకు పేరు తెలీదు. నోట్స్ అవే ఉండగా మారిందేంటి మరి?

ఇంకో రెండు డౌట్లు కూడా ఇందులోనే అడిగేస్తా. ఫోన్‌లో ఒక స్కేల్స్ యాప్ వేసుకుంటే అందులో డోరియన్, ఫ్రిజియన్, బ్లూస్, హార్మోనిక్ మైనర్ అని పెద్ద లిస్టు ఉంది, ఇవన్నీ మన మేళకర్తలేనా (ఏడు స్వరాల మూల రాగాలు), ఎన్ని నేర్చుకోవాలి? పెంటటానిక్‌లో ఏం వాయించినా తప్పు వినపడదు అంటారు కదా, అది నిజమేనా, నిజమైతే ఎందుకు? తెలిసినవాళ్ళు కొంచెం విడమరిచి చెప్పండి ప్లీజ్.

హార్మోనియంపెట్టె:

మంచి ప్రశ్న అడిగారండీ. ఏ ని స చేసుకున్నప్పుడు మీకు వచ్చింది శుద్ధ ధన్యాసి. స గ2 మ1 ప ని2 స (పక్కన అంకె ఆ స్వరంలో ఎన్నో రకమో చెప్తుంది). ఉదయరవిచంద్రిక అని కూడా అంటారు, హిందుస్థానీలో దగ్గరి రాగం ధాని. గిటార్ వాళ్ళు మైనర్ పెంటటానిక్ అనే స్కేల్ అదే.

దీన్ని గిటార్ మీద కంటే హార్మోనియం మీద గానీ కీబోర్డ్ మీద గానీ చూస్తే కంటికి కనపడుతుంది, ఎవరిదగ్గరైనా ఒక అరగంట తీసుకుని చూడండి. తెల్ల మెట్లు ముట్టుకోకండి, నల్ల మెట్లు మాత్రమే. ఒక స్థాయికి సరిగ్గా అయిదే ఉంటాయి, మన లెక్కలో చెప్పాలంటే ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర. ఇప్పుడు తంబురా యాప్‌లో శ్రుతి నాలుగున్నర పెట్టి, అంటే ఎఫ్ షార్ప్, ఆ నల్లమెట్టునే స అనుకుని వరసగా పైకి వెళ్ళండి. మోహన. యాప్ శ్రుతిని అయిదున్నరకి మార్చి అక్కడ నుంచి స మొదలెట్టండి, మధ్యమావతి. ఆరున్నరకి మారిస్తే హిందోళం, హిందుస్థానీ వాళ్ళ మాల్‌కౌన్స్. ఒకటిన్నర పెడితే శుద్ధ సావేరి, అదే వాళ్ళ దుర్గా. రెండున్నర పెడితే మీకు దొరికిన శుద్ధ ధన్యాసి. మెట్లు అవే అయిదు, చెయ్యి ఎక్కడికీ పోలేదు, మార్చింది శ్రుతి ఒక్కటే, అయినా అయిదు రాగాలు వచ్చాయి. దీన్నే గ్రహభేదం అంటారు, కచేరీల్లో పెద్ద విద్వాంసులు రాగాలాపన మధ్యలో ఒక స్వరం మీద నిలబడి దాన్నే స గా వినిపించి ఇంకో రాగం నీడ చూపించి మళ్ళీ వెనక్కి వస్తారు, హాల్లో చప్పట్లు పడేది అక్కడే.

కాబట్టి మీ సార్ చెప్పిన ఫీల్ వేరు అన్నది కరెక్టే కానీ ఆ ఫీల్ ఎక్కడ నుంచి వస్తోందంటే వెనక మోగుతున్న స నుంచి. శ్రుతి లేకుండా ఊరికే నోట్స్ వాయిస్తే చెవి దేన్ని ఇల్లుగా పట్టుకోవాలో తేల్చుకోలేదు. అందుకే గిటార్ ప్రాక్టీస్ చేసేటప్పుడు కూడా వెనక శ్రుతి పెట్టుకోండి, ఇది మాత్రం నేను గట్టిగా చెప్తా, యూట్యూబ్ పాఠాల్లో ఇది చెప్పేవాళ్ళు తక్కువ.

అయిదోఫ్రెట్:

అన్నా పైన చెప్పింది మస్తు క్లియర్‌గా ఉంది, నేను గిటార్ వైపు నుంచి చెప్తా.

నీ బాక్స్‌ల ఏ నోట్ మూడు చోట్ల ఉంటది, లావు తీగ 5, డి స్ట్రింగ్ 7, సన్న తీగ 5. సి కూడా మూడు చోట్ల, లావు తీగ 8, జి స్ట్రింగ్ 5, సన్న తీగ 8. ఫస్ట్ ఈ ఆరు చోట్లు కళ్ళు మూసుకుని పట్టేటట్టు చెయ్యి. ఇగ వెనక ఏ మైనర్ కార్డ్ (కొన్ని నోట్స్ ఒకేసారి మోగించుడు) లూప్ పెట్టి ఏది వాయించినా లైన్ ఎండింగ్ ఏ మీద ఆపు. తర్వాత సి మేజర్ కార్డ్ లూప్ పెట్టి అవే వేళ్ళు, అదే బాక్స్, కానీ సి మీద ఆపు. రెండూ ఫోన్‌ల రికార్డ్ చేసి విను. మొదటిది కొంచెం దిగులుగా, రెండోది వెలుతురుగా వినొస్తది. చాలామంది బాక్స్ పైకి కిందికి ఎక్కుడు దిగుడే చేస్తరు, ఎక్కడ ఆగాల్నో చూడరు, అందుకే వాళ్ళది ఎక్సర్‌సైజ్ లెక్క వినిపిస్తది గానీ పాట లెక్క ఉండదు.

తప్పు వినపడదు అనేది ఎందుకంటే ఈ అయిదింట్ల ఏ రెండు నోట్స్ మధ్య కూడా సెమిటోన్ లేదు, అంటే పక్క పక్క ఫ్రెట్లు రెండూ ఈ స్కేల్‌ల పడవు. ఎఫ్, బి రెండు తీసేసినం కదా, మేజర్ స్కేల్‌ల గొడవ పెట్టేది ఆ రెండే, ఈ (E) పక్కన ఎఫ్, సి పక్కన బి. ఇంకా ఆ ఎఫ్‌కి బికి మధ్య దూరం ఆరు ఫ్రెట్లు, ట్రైటోన్ అంటరు, అది కూడా చెవిని గుంజుతది. రెండూ పోయినయ్ కాబట్టి ఏ నోట్ తర్వాత ఏ నోట్ కొట్టినా నడుస్తది.

కానీ కార్డ్స్ వచ్చినంక ఈ మాట పూర్తిగ నిజం కాదు. ఏ సెవెన్ కార్డ్‌ల సి షార్ప్ ఉంటది, నీ స్కేల్‌ల ఉత్త సి ఉంది. రెండూ ఒకేసారి మోగితే గీసుకున్నట్టే ఉంటది. అమెరికా దక్షిణాది నల్లజాతి వాళ్ళ బ్లూస్‌ల సరిగ్గా ఈ రాపిడి మీదనే మ్యూజిక్ నడుస్తది, ఆ సి ని కొద్దిగ బెండ్ చేసి సికి సి షార్ప్‌కి నడుమ ఎక్కడో పెడతరు, ఏ ఫ్రెట్ మీద లేని నోట్ అది. ఇంకా డికి ఈకి నడుమ ఈ ఫ్లాట్ (E♭) కూడా కలిపితే ఆరు నోట్స్ అయితయ్, యాప్‌ల బ్లూస్ స్కేల్ అని ఉన్నది గదే. మన భాషల స గ2 మ1 మ2 ప ని2. అయితే ఆ ఈ ఫ్లాట్ మీద ఆగొద్దు, దాటుకుంట పోవాలె, అక్కడ నిలబడితే మాత్రం నిజంగనే తప్పు వినొస్తది.

వీణమెట్లు:

మోహన, హిందోళం లాంటి అయిదు రాగాలూ ఒకే కుటుంబం అని హార్మోనియంపెట్టె గారు చెప్పారు కదా, అసలు ఈ అయిదే ఎందుకు, పన్నెండు స్వరస్థానాల్లో ఇంకే అయిదు పట్టుకున్నా ఇలా కుదరదు ఎందుకు అన్నది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త పొడవుగా రాస్తాను ఓపిగ్గా చదవండి.

స నుంచి ప కి వెళ్ళండి. తీగ పొడవులో మూడింట రెండు వంతులు దగ్గర నొక్కితే ప వస్తుంది, అంటే ఫ్రీక్వెన్సీ 3/2. స తర్వాత చెవికి అన్నిటికంటే తేలిగ్గా కలిసిపోయే స్వరం అదే. ఇప్పుడు ఆ పంచమాన్నే స అనుకుని దాని ప కి వెళ్ళండి, పై రి వస్తుంది, ఒక స్థాయి కిందకి దించితే మన చతుశ్రుతి రిషభం. రి కి ప చూస్తే ద. ద కి ప చూస్తే గ. వరస రాసుకోండి: స, ప, రి, ద, గ. పై స్థాయి, కింది స్థాయి సర్దేసి చూస్తే స రి గ ప ద. మోహన అయిపోయింది! ఎవరూ కూర్చుని ఎంచుకోలేదు, స-ప సంబంధాన్నే నాలుగు సార్లు వేసుకుంటూ పోతే అదే వచ్చింది.

చైనాలో పూర్వం ఇదే పని వెదురు గొట్టాలతో చేశారు. 81 పొడవు గొట్టంతో మొదలుపెట్టి మూడో వంతు తగ్గిస్తే 54, దానికి మూడో వంతు పెంచితే 72, మళ్ళీ తగ్గిస్తే 48, మళ్ళీ పెంచితే 64. ఈ అయిదే వాళ్ళ అయిదు స్వరాలు, గోంగ్, షాంగ్, జ్యూ, ఝి, యు, మన స రి గ ప ద. ఆ 64 ని ఇంకోసారి మూడో వంతు తగ్గించబోతే లెక్క భిన్నంలో పడుతుంది, 81 తో మొదలెడితే పూర్ణసంఖ్యలు సరిగ్గా అయిదింటికే సరిపోయాయి. నాకైతే ఈ లెక్క చూసినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. స్కాట్లండ్ జానపదాల్లోనూ, ఇథియోపియా వాళ్ళ తిజితా మేజర్‌లోనూ ఇవే అయిదు వినిపిస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ అయిదు స్వరాలూ ఒక దండ అనుకోండి, ప్రతి పూస పక్క పూసకి ప. మోహనలో స ఈ దండకి మొదట్లో ఉంది. అదే దండలో స రెండో పూస అయితే వరస మ, స, ప, రి, ద అవుతుంది, అంటే శుద్ధ సావేరి. స సరిగ్గా మధ్యలో కూర్చుంటే ని, మ, స, ప, రి, మధ్యమావతి. నాలుగో పూస అయితే గ, ని, మ, స, ప, మీ శుద్ధ ధన్యాసి. స చివరి పూస అయితే ద, గ, ని, మ, స, హిందోళం. హిందోళంలో ప ఎందుకు లేదు అని పిల్లలు అడుగుతారు, జవాబు ఇదే, స దండ చివర ఉంది, దాని తర్వాత ప కి చోటు లేదు. అలాగే మోహనలో మ ఎందుకు లేదంటే స దండ మొదట ఉంది, మ అనేది స కి ముందు రావాల్సిన పూస. మధ్యమావతి దగ్గర కూడా ఒక్క క్షణం ఆగండి, స కి ఇటు రెండు అటు రెండు, తూకం వేసినట్టు సమానం. కచేరీ ముగింపులో మధ్యమావతి పాడటం మనకి ఆనవాయితీ, ఆ రాగంలో ఉన్న నిలకడకి ఈ సమానత్వం ఒక కారణం అని నా అభిప్రాయం.

ఇదే దండని ఏడు పూసల దాకా పొడిగిస్తే, అంటే మ, స, ప, రి, ద, గ, ని, అది ధీరశంకరాభరణం, మేజర్ స్కేల్. పన్నెండు దాకా పొడిగిస్తే పన్నెండు స్వరస్థానాలూ వస్తాయి, పదమూడోది మళ్ళీ స దగ్గరకే రావాలి కానీ సరిగ్గా రాదు, దాదాపు 23.5 సెంట్లు ఎక్కువ వస్తుంది, ఒక సెమిటోన్ 100 సెంట్లు అన్న లెక్కలో. కీబోర్డులో ఆ తేడాని పన్నెండింటికీ పంచేసి సర్దేశారు. అందుకే కీబోర్డ్ గ కి, పాడే గ కి చిన్న తేడా ఉంటుంది. తంబురా బాగా శ్రుతి చేసి మంద్ర స తీగ మీటి చెవి పెట్టి వినండి, అందులోంచి అంతర గాంధారం దానంతట అదే వినిపిస్తుంది, అది 386 సెంట్లు. కీబోర్డుది 400. దండ లెక్కలో వచ్చేది 408. మోహన పాడేటప్పుడు గ మీద నిలిపితే గొంతు తంబురాలో వినపడే ఆ గ వైపే వెళ్తుంది. గిటార్‌లో ఫ్రెట్లు కూడా కీబోర్డ్ లెక్కే, కాబట్టి శ్రుతి పెట్టుకుని గ మోగించినప్పుడు కాస్త పదునుగా అనిపిస్తే మీ చెవి బాగున్నట్టు.

తీగలశబ్దం:

అబ్బ, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. మా అన్నయ్య పిల్లల కీబోర్డ్ మీద నల్ల మెట్ల పని చేసి చూశాను. ఆరున్నర శ్రుతి పెట్టగానే సామజవరగమన మొదలు దానంతట అదే వేళ్ళకి వచ్చేసింది, ఇన్నాళ్ళూ వినడమే గానీ అది హిందోళం అని, మోహన మెట్ల మీదే ఉంటుందని తెలీదు.

వీణమెట్లు మేడం, దండ విషయం చదివాక హంసధ్వని పెట్టి చూశాను, అది కూడా అయిదు స్వరాలే కదా, స రి గ ప ని. అది మాత్రం నల్ల మెట్ల మీద ఎక్కడా రావట్లేదు. అంటే ఈ కుటుంబం కాదా? అలాంటివి ఇంకా ఎన్ని ఉంటాయి?

వీణమెట్లు:

సరిగ్గా అడిగారమ్మా. కాదు. దండలో స, ప, రి, ఆ తర్వాత ద రావాలి, హంసధ్వనిలో ద లేదు, దాన్ని దాటేసి గ, ని. మధ్యలో ఒక పూస ఖాళీ. ఆ ఖాళీ వల్ల ని కి పై స కి మధ్య సెమిటోన్ వచ్చింది, ని ఎప్పుడూ పైకి ఎగబాకుతున్నట్టు ఉంటుంది, హంసధ్వనిలో ఉన్న హుషారంతా అక్కడే. ఈ రాగాన్ని తయారుచేసింది ముత్తుస్వామి దీక్షితార్ తండ్రి రామస్వామి దీక్షితార్.

అయిదు స్వరాల రాగాలని ఔడవ రాగాలు అంటాం. ఒక మేళకర్తలో స కాక ఆరు స్వరాలు ఉంటాయి, అందులో ఏ రెండు తీసేసినా ఔడవం, రెండు తీసేయడానికి 15 రకాలు. ఒక్కటే తీస్తే షాడవం, 6 రకాలు. ఏదీ తీయకపోతే సంపూర్ణం, ఒకటి. మొత్తం 22. ఆరోహణకి (ఎక్కేటప్పుడు) 22, అవరోహణకి (దిగేటప్పుడు) 22, కలిపితే 484, అందులో మేళకర్త తనే ఒకటి కాబట్టి తీసేస్తే 483, దాన్ని 72 తో గుణిస్తే 34,776. పాఠ్యపుస్తకాల్లో కనపడే పెద్ద సంఖ్య ఇదే, అయితే వేరే వేరే మేళాల నుంచి ఒకే స్వరాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి అన్నీ వేరు వేరు కావు, పైగా అందులో పాడేవి చాలా కొద్ది.

మోహన కుటుంబం బయట బాగా వాడుకలో ఉన్నవి చెప్తాను. శివరంజని, స రి2 గ2 ప ద2, మోహనలో గ ఒక్కటి సాధారణ గాంధారానికి దించితే చాలు, వెలుగంతా దుఃఖం అయిపోతుంది. వాయించి చూడండి, ఒక్క ఫ్రెట్ తేడా. ఆభోగి, స రి2 గ2 మ1 ద2. వలజి, స గ3 ప ద2 ని2. ఈ రెండూ మళ్ళీ గ్రహభేదంలో ఒకటే, ఆభోగిలో మధ్యమాన్ని స చేస్తే వలజి. రేవతి, స రి1 మ1 ప ని2, వేదం చదువుతున్నట్టు ఉంటుంది, జపాన్ వాళ్ళ ఇన్-సెన్ స్కేల్ స్వరాలు కూడా సరిగ్గా ఇవే. అమృతవర్షిణి, స గ3 మ2 ప ని3, దీంట్లో సెమిటోన్లు రెండు, మ నుంచి ప కి, ని నుంచి స కి. ఇవన్నీ పెంటటానిక్కులే, కానీ గిటార్ వాళ్ళు పెంటటానిక్ అని ఊరికే అంటే మోహన దండ గురించే.

అయిదు కూడా ఎక్కువే అనుకున్నారు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. మహతి నాలుగు స్వరాలే, స గ3 ప ని2. లవంగి కూడా నాలుగే, స రి1 మ1 ద1. నాలుగు స్వరాల్లో రాగం నిలబడుతుందా అని అప్పట్లో పెద్ద వాదన నడిచింది, ఆయన పాడింది వింటే నాకు నిలబడుతుందనే అనిపిస్తుంది.

రాగరసికుడు:

ఇంతమంది ఇంత బాగా చెప్పారు, ఒక్క మాట మాత్రం నేను కలపాలి. స్కేల్ వేరు, రాగం వేరు. మోహన అంటే మేజర్ పెంటటానిక్ అని ముగించేస్తే కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అన్యాయం చేసినట్టే.

బిలహరి చూడండి. ఆరోహణ స రి గ ప ద స, అచ్చం మోహన. అవరోహణకి వచ్చేసరికి స ని ద ప మ గ రి స, ఏడూ వచ్చేస్తాయి. మోహనకల్యాణి కూడా పైకి మోహనే, కిందకి కల్యాణి. ఆభేరి పైకి వెళ్ళేటప్పుడు స గ మ ప ని స, మీ మైనర్ పెంటటానిక్కే, దిగేటప్పుడు ద, రి కలుస్తాయి. యాప్‌లో స్కేల్ అంటే పైకీ కిందకీ ఒకటే, మనకి అలా కాదు. అసలు హిందుస్థానీలో భూప్, దేశ్‌కార్ అని రెండు రాగాలు ఉన్నాయి, రెంటికీ స్వరాలు అవే స రి గ ప ద, ఎక్కడా తేడా లేదు. భూప్ లో గ మీద బరువు, సాయంత్రం పాడతారు. దేశ్‌కార్ లో ద మీద బరువు, పొద్దున్న పాడతారు. తెలిసినవాళ్ళు రెండు ముక్కలు వినగానే ఏది ఏదో చెప్పేస్తారు. అయిదోఫ్రెట్ గారు ఎక్కడ ఆగాలో చూడండి అన్నారే, సరిగ్గా అదే విషయం.

ఇంక గమకం. శుద్ధ ధన్యాసిలో గ, ని ఫ్రెట్ నొక్కినట్టు నిటారుగా నిలబడవు, ఊగుతాయి. నిటారుగా వాయిస్తే అది మైనర్ పెంటటానిక్, ఊపు పడితేనే శుద్ధ ధన్యాసి. గిటార్‌తో అది కుదరదని అనుకోకండి, తీగని ఫ్రెట్ మీద పక్కకి లాగితే బ్లూస్ వాళ్ళకి బెండ్, మనకి గమకం. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద, అంత పొట్టి తీగల మీద, ఫ్రెట్లు ఉండగానే తోడి వాయించారు. ఆయన రికార్డింగ్ ఒకటి పెట్టుకుని ఎడమ చెయ్యి ఎక్కడ జారుతోంది, ఎక్కడ ఊగుతోంది అని చెవితో పట్టుకోండి, ఏ స్కేల్ పుస్తకం ఇవ్వలేనిది దొరుకుతుంది.

హార్మోనియంపెట్టె:

రసికుడు గారూ, హార్మోనియం వాణ్ణి కాబట్టి గమకం గురించి మీరు చెప్పింది నాకు రోజూ అనుభవమే, మెట్టు మీద స్వరం ఊగదు, భజనలో గాయకుడు ఊపుతుంటే మేం పక్క స్వరం తాకించి సర్దుకుంటాం. ఒప్పుకుంటాను.

తీగలశబ్దం గారి యాప్ లిస్టు డౌట్ ఎవరూ ముట్టుకోలేదు, నేను క్లుప్తంగా చెప్తా. యాప్‌లో ఉన్న డోరియన్, ఫ్రిజియన్ లాంటి మోడ్స్ అన్నీ మేజర్ స్కేల్‌కి గ్రహభేదాలే, ఇందాక నల్ల మెట్ల మీద చేసిన పని తెల్ల మెట్ల మీద చేస్తే అవే వస్తాయి. సి నుంచి అయితే శంకరాభరణం, 29వ మేళం. డి నుంచి డోరియన్, అది ఖరహరప్రియ, 22. ఈ నుంచి ఫ్రిజియన్, హనుమతోడి, 8. ఎఫ్ నుంచి లిడియన్, మేచకల్యాణి, 65. జి నుంచి మిక్సోలిడియన్, హరికాంభోజి, 28, మోహన పుట్టింది దీంట్లోంచే. ఏ నుంచి నేచురల్ మైనర్, నఠభైరవి, 20. బి నుంచి లోక్రియన్ అంటారు, దాంట్లో శుద్ధ పంచమం రాదు కాబట్టి మనకి ఆ పేరుతో మేళకర్త లేదు. హార్మోనిక్ మైనర్ అంటే కీరవాణి, 21. మెలోడిక్ మైనర్ ఎక్కేది గౌరీమనోహరి, 23, వాళ్ళు దిగేటప్పుడు మార్చేస్తారు. మీరు చిన్నప్పుడు సరళీలు పాడిన మాయామాళవగౌళని డబుల్ హార్మోనిక్ అంటారు, అది మీ యాప్‌లో ఎక్కడో లిస్టు అడుగున ఉంటుంది, మనకేమో అదే మొదటి పాఠం, పురందరదాసు పెట్టిన పద్ధతి.

72 మేళకర్తల చక్రం 17వ శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో కట్టిన లెక్క. రి-గ జతలు 6, ద-ని జతలు 6, మ రెండు, 6×6×2. అన్నీ నేర్చుకోనక్కర్లేదు. మోహన కుటుంబం అయిదూ, శంకరాభరణం, కల్యాణి, ఖరహరప్రియ, కీరవాణి, మాయామాళవగౌళ చేతికొస్తే సినిమా పాటల్లో ఎక్కువ భాగం మీకు దొరుకుతాయి.

అయిదోఫ్రెట్:

నేను కూడా అదే అంట, ఒక్కొక్కటి తీస్కో. ముందుగాల మోహన ఒక్కటే నెల రోజులు, అయిదు బాక్స్‌లల్ల, ఫ్రెట్‌బోర్డ్ మొత్తం. స్కేల్ లెక్క కాదు, వరవీణా వాయించినవ్ కదా, అదే గీతం ఐదు చోట్ల వాయించు, పాట మారదు గాని వేళ్ళు మారతయ్. తర్వాత అదే గీతంల గ నోట్‌ను ఒక్క ఫ్రెట్ కిందికి దించి వాయించు, మేడం చెప్పిన శివరంజని అదే, చెవికి గ విలువ అప్పుడు తెలుస్తది.

తీగలశబ్దం:

ఇప్పుడే చేశాను, గ దించగానే గీతం గీతంలా లేదు, నిజంగా వేరే పాటే అయిపోయింది. ఆఖరిగా ఒకటే, హిందోళం ప్రాక్టీస్ చేసేటప్పుడు శ్రుతి ఎలా పెట్టుకోవాలి? యాప్‌లో స-ప మోగుతుంటే ఆ ప ఏదో అడ్డంగా అనిపిస్తోంది, రాగంలో ప లేదు కదా.

వీణమెట్లు:

యాప్‌లో ప తీగకి బదులు మ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది పెట్టుకోండి. హిందుస్థానీ వాళ్ళు మాల్‌కౌన్స్‌కి తంబురాని అలాగే స-మ కి శ్రుతి చేస్తారు. మన కచేరీల్లో మాత్రం సాధారణంగా ప శ్రుతి మీదే హిందోళం పాడేస్తారు, అలవాటైన గొంతులకి ఇబ్బంది ఉండదు, నేర్చుకునేటప్పుడు మాత్రం మ తోనే మొదలెట్టండి. గిటార్ మీద అయితే ఏ ని స చేసుకోండి, ఓపెన్ ఏ తీగ స, ఓపెన్ డి తీగ మ, రెండూ బొటనవేలితో మోగిస్తూ ఉంటే శ్రుతి మీ గిటార్‌లోనే దొరుకుతుంది, స్వరాలు పై మూడు తీగల మీద వాయించుకోవచ్చు. బి స్ట్రింగ్ మూడో ఫ్రెట్ మీద మ, ఆరో ఫ్రెట్ మీద ద, ఎనిమిదో ఫ్రెట్ మీద ని, సన్న తీగ అయిదో ఫ్రెట్ మీద పై స. ఆ ద నుంచి మ కి తీగ మీదే జారుతూ దిగండి, మధ్యలో వేలు ఎత్తకండి.